'ఉద్దానం కిడ్నీ జబ్బు' అనే పేరు ఉంచాలా, తీసెయ్యాలా?

కవిటి కొబ్బరాకు

పేపరు తిప్పినా టీవీ పెట్టినా శ్రీకాకుళం జిల్లాలోని మా ప్రాంతం పేరు ఒంటరిగా వినబడదు. ఉద్దానం అనగానే వెనకాలే కిడ్నీ. డాక్టర్లు రాసుకునే వ్యాసాల్లో కూడా 'ఉద్దానం నెఫ్రోపతీ' అని స్థిరపడిపోయింది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు... ఈ కొబ్బరి, జీడి, పనస తోటల సీమకి 'ఉద్యానం' నుంచి ఆ పేరు వచ్చిందని మా పెద్దలు చెబుతారు. తోట అని అర్థమున్న మాట రోగం పేరై కూర్చుంది.

ఇది ఉత్త మాటల బాధ కాదు. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళు ఊరి పేరు వినగానే కట్నం సంగతి పక్కనపెట్టి కిడ్నీ రక్తపరీక్షలో వచ్చే క్రియాటినిన్ అంకె ఎంతని అడుగుతున్నారు. బొండాలు కొనే బేరగాడు కూడా "ఈ నీళ్ళు తాగితే ఏం కాదు గదా" అంటాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మేలో ఒక మాట చెప్పింది: కొత్త జబ్బులకు ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు, జంతువుల పేర్లు పెట్టకండి, వాటివల్ల జనానికీ వ్యాపారానికీ నష్టం అని. 2022లో మంకీపాక్స్ పేరు తీసి ఎంపాక్స్ అన్నారు. కోతులకి దక్కిన మర్యాద మాకు దక్కదా?

జబ్బు పేరులోంచి ఊరు పోవాలన్నది నా మాట. వార్తల్లో, బోర్డుల మీద, మన నోళ్ళలో. బదులు ఏం పెట్టాలో మీరు చెప్పండి. వద్దనేవాళ్ళు ఎందుకు వద్దో చెప్పండి.

బొబ్బిలి వీణ

నేను మీ పక్షం. తెలుగు పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి కాబట్టి పేరు సంగతి నేనే మొదలుపెడతాను.

నెఫ్రోపతీలో పెద్ద విషయమేమీ లేదు. నెఫ్రోస్ అంటే గ్రీకులో మూత్రపిండం, పాథోస్ అంటే బాధ. 'మూత్రపిండపు బాధ' అని ఊరుకుంటే ఏ బాధో తేలదు గనక ముందు ఊరు పేరు తగిలించారు. అంటే ఆ పేరు జబ్బు గురించి ఏమీ చెప్పడం లేదు, అడ్రసు మాత్రం చెబుతోంది.

మన పాత వైద్యులు లక్షణం చూసి పేరు పెట్టారు. మధుమేహం తీసుకోండి. మధువు తేనె, మేహం మూత్రం. గ్రీకువాళ్ళ డయాబెటిస్‌కి 'గుండా దాటిపోయేది' అని మాత్రమే అర్థం. తీపి సంగతి చెప్పడానికి ఆ తర్వాత ఎప్పుడో లాటిన్‌లోంచి 'మెల్లిటస్' అనే తేనె మాట తెచ్చి అతికించుకున్నారు. మన పేరులో ఆ తేనె మొదటినుంచీ ఉంది.

అదే పద్ధతిలో నా ప్రతిపాదన: అజ్ఞాతహేతుక దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి. ఇంగ్లీషులో సీకేడీయూ (క్రానిక్ కిడ్నీ డిసీజ్ ఆఫ్ అన్‌నోన్ ఎటియాలజీ) అంటున్నదానికి అక్షరాలా సరిపోతుంది. కారణం తెలియదని కూడా నిజాయితీగా ఒప్పుకుంటుంది.

నాగావళి గట్టు

మేష్టారూ, కౌంటర్ దగ్గర ఆ పేరు చెప్పడం పూర్తయ్యేసరికి ఓపీ టైమైపోద్ది. మా అమ్మ "కిడ్నీలు పోయాయి" అంటది. రెండు మాటలు. ఊరు పేరూ నేదు, గ్రీకూ నేదు.

మూడో షిఫ్టు

నేను డయాలిసిస్ యూనిట్‌లో టెక్నీషియన్ని. ఎక్కడో చెప్పను, ఉద్దానంలోనే అనుకోండి.

కొబ్బరాకు అన్నా, నీ బాధ కాదనను. మా ఇంట్లోనూ పెళ్ళికావలసిన పిల్ల ఉంది. కానీ ఆ పేరు పట్టుకొచ్చినవి కూడా లెక్కలోకి తీసుకో. 2023 డిసెంబరులో పలాసలో తెరిచిన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో ఊళ్ళకి నీళ్ళు తెచ్చే పథకం, సోంపేట, కవిటి, పలాసల్లో డయాలిసిస్ మిషన్లు. ఇవన్నీ 'సీకేడీయూ' అనే అక్షరాలు చూసి ఎవరూ ఇవ్వలేదు. ఏ పార్టీ నాయకుడొచ్చినా మైకు ముందు పలికింది ఉద్దానం అనే మాటే. నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల కూలీల్లో, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతుల్లో ఇదే తీరు జబ్బుంది. పరిశోధకులు ఆ రెండింటి పక్కన మన పేరు కూడా పెట్టి పోల్చి చూస్తున్నారంటే మనకంటూ ఒక గుర్తు ఉండబట్టే. ఊరు పేరు తీసేస్తే దేశంలో లక్షల కిడ్నీ కేసుల్లో మనమూ కలిసిపోతాం. షుగర్ వల్ల కిడ్నీ పాడైనవాడికీ, షుగరూ బీపీ ఏదీ లేకుండా కొబ్బరి చెట్టెక్కే వయసులో కిడ్నీ పోయినవాడికీ తేడా ఎవడు అడుగుతాడు?

నన్నడిగితే నష్టం చేస్తున్న మాట ఉద్దానం కాదు, 'క్రానిక్'. రిపోర్టు మీద క్రానిక్ అని ఉంటే మనవాళ్ళు 'ముదిరిపోయింది' అని చదువుకుంటారు. ఎక్యూట్ అంటే ఏదో చిన్నది అనుకుంటారు. అసలు సంగతి తలకిందులు కాకపోయినా చాలా వేరు. క్రానిక్‌లో ఉన్నది గ్రీకు క్రోనోస్, అంటే కాలం. మూడు నెలలు దాటి నిలిచిన జబ్బని అర్థం, అంతే. ఎంత ముదిరిందో ఆ మాట చెప్పదు, అది చెప్పేది స్టేజి. మొదటి స్టేజిలో ఉన్నవాడూ క్రానికే. ఎక్యూట్ అంటే లాటిన్‌లో మొనదేలినది. హఠాత్తుగా వచ్చి పడుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదకీ తెస్తుంది, సమయానికి చూస్తే చాలాసార్లు కిడ్నీ మళ్ళీ కోలుకుంటుంది. ఈ తేడా తెలియక స్టేజి 2లో ఉన్న మనిషి "ఇక అయిపోయింది, ఎందుకు తిరగడం" అని మందులు మానేస్తాడు. నాలుగేళ్ళకి నా కుర్చీలోకి వస్తాడు.

ఊళ్ళో అయితే పేర్లే అక్కర్లేదు. "నీకెంత?" అంటే "మూడున్నర" అంటాడు. వయసూ కాదు, ఎకరాలూ కాదు, క్రియాటినిన్ అంకె.

మూడు లాంతర్లు

విజయనగరంలో మందుల షాపు నాది. ఊళ్ళ పేర్ల గురించి కొంచెం చెప్తాను.

ఎబోలా ఒక నది పేరు. 1976లో కాంగోలో జబ్బు బయటపడింది యాంబుకు అనే ఊళ్ళో. ఆ ఊరికి మచ్చ రాకూడదనే కావాలని కొంచెం దూరంలో ఉన్న నది పేరు పెట్టారు. నీఫా మలేసియాలో ఒక గ్రామం. జికా ఉగాండాలో ఒక అడవి. మన దేశంలోనే క్యాసనూరు అడవి జ్వరం ఉంది, 1957లో కర్ణాటక శివమొగ్గ వైపు బయటపడింది. అక్కడి జనం దాన్ని కోతి జ్వరం అంటారు, అడవి పేరు వాళ్ళకి పట్టలేదు. మద్రాస్ ఐ అని మా షాపులో కుర్రాళ్ళు అంటారు, వాళ్ళ అమ్మలు వచ్చి కళ్లకలక అని మందు అడుగుతారు. మద్రాసుని ఎవరూ తిట్టుకోరు, ఎవరూ అక్కడి సంబంధం వదులుకోరు.

కాబట్టి ఊరు పేరు ఉంటేనే మచ్చ అనలేం. మద్రాసు పెద్ద ఊరు, దానికి తలకి మించినన్ని పేర్లున్నాయి. ఉద్దానానికి బయటివాళ్ళకి తెలిసిన పేరు ఇదొక్కటే. చిక్కు అక్కడుంది.

ఇంకోటి. తప్పుడు పేరు కూడా ఒకసారి అంటుకుంటే వదలదు. మలేరియా అంటే ఇటాలియన్‌లో చెడ్డ గాలి. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో దాని క్రిమిని చూశాడు, గాలికి సంబంధం లేదని తేలిపోయింది. పేరు మారిందా? మన వైపు మన్యం జ్వరం అనేవాళ్ళు, అందులోనూ ఊరి వాసన ఉంది. అది పోయి మలేరియా వచ్చింది. పోగొట్టింది ఏ కమిటీయో కాదు, క్వినైన్ మాత్ర ఇచ్చిన కాంపౌండరు.

నాగావళి గట్టు

మాటల పుట్టుక అంటున్నారు గదా, మా గ్రూపులో ఒకటొచ్చింది. ఆసుపత్రి అన్నది సంస్కృతమేనట. 'ఆశు' అంటే త్వరగా, 'పత్రి' అంటే ఆకు. ఆకుపసరుతో బేగి నయం చేసే చోటు. ఇంగ్లీషువాళ్ళు మన దగ్గర ఎత్తుకెళ్ళి హాస్పిటల్ చేసుకున్నారట.

బొబ్బిలి వీణ

కాదు నాయనా. హాస్పిటల్ లాటిన్ మాట. హోస్పెస్ అంటే అతిథి. హోటల్, హాస్టల్ దాని తోబుట్టువులే. బాటసారులకు, బీదలకు ఆశ్రయమిచ్చే సత్రం రోగుల్ని చూసే చోటుగా మారింది. మన నోటికి 'హ' జారి 'స్ప' విడివడి ఆసుపత్రి అయింది. సంస్కృతం మీద ప్రేమ ఉంటే మంచిదే, కానీ కల్పించి ఇవ్వనక్కర్లేదు. ఇలాంటి కథే మన జిల్లా పేరుకీ ఉంది గదా. శ్రీకాకుళాన్ని ఇంగ్లీషువాళ్ళు పిలిచిన చికాకోల్ అంటే 'సిక్కా ఖోల్', మూట విప్పి నాణేలు చూపించమన్నారని. వినడానికి బాగుంటుంది.

నిర్వాహకుడు

ఊరి పేర్ల కథలకు వేరే చర్చ తెరవండి. ఇక్కడ జబ్బు పేరు మాత్రమే.

సిస్టరమ్మ

నేను ఏఎన్ఎంగా సాలూరు, మక్కువ వైపు చాలా కాలం పనిచేశాను. అప్పుడది విజయనగరం జిల్లాయే. పేరు మారిస్తే చూపు మారుతుందనేవాళ్ళకి నేను చూసింది చెప్తాను.

కుష్ఠుని మా ఊళ్ళలో ఆ పేరుతో అనరు. 'పెద్దరోగం' అంటారు, గొంతు తగ్గించి. ట్రైనింగుల్లో మమ్మల్ని కుష్ఠు అనకండి, హాన్సెన్ వ్యాధి అనండి అన్నారు. 1873లో ఆ క్రిమిని కనిపెట్టిన నార్వే డాక్టరు పేరు. సరే అని ఇంటింటికీ వెళ్ళి హాన్సెన్ అంటే, "అదేటమ్మా కొత్త జబ్బు" అని భయపడి పిల్లల్ని దాచేసిన ఇళ్ళున్నాయి. చివరికి "తిమ్మిరి మచ్చ ఉందా, గిల్లితే తెలుస్తోందా" అని అడిగేవాళ్ళం. ఆ ప్రశ్నకి ఏ ఇంట్లోనూ తలుపు వెయ్యలేదు. చూపు మారింది ఎప్పుడంటే, మూడు మందులు కలిపిన పొట్లాలు వచ్చి, తిన్నవాడు నయమై మళ్ళీ పొలం పనికి వెళ్ళడం ఊరు చూశాక. చట్టం అంతకన్నా ఆలస్యం. కుష్ఠు ఉందని విడాకులు అడిగే వీలు 2019లో గాని తీసెయ్యలేదు.

అలాగని ఏ పేరైనా ఒకటేనని అనను. అమ్మవారు పోసిందంటే ఆ ఇంటికి వేపాకు కట్టేవారు. ఆ గుర్తు చూసి మనుషులు దూరంగా ఉండేవారు. దూరంగా ఉన్నా అసహ్యంతో కాదు, భయభక్తులతో. రోగి అదే, పక్కన 'పెద్దరోగం' ఇంటికి మాత్రం ఎవరూ దణ్ణం పెట్టలేదు.

కవిటి కొబ్బరాకు

సిస్టరమ్మ గారూ, మీ మాట విలువైనదే, కానీ అది నా వైపే మాట్లాడుతోంది. కుష్ఠుకి మందు దొరికింది కాబట్టి పేరు బరువు తగ్గింది. మాకు కారణమే తేలలేదు. నీళ్ళల్లో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్ళు తాగకుండా పని చేయడం అన్నారు. ఏదీ ఇదేనని తేలలేదు. మందు దొరికేదాకా పేరు మొయ్యండి అంటే ఎన్నాళ్ళు మొయ్యాలి?

మూడో షిఫ్టు తమ్ముడికి: పథకాలు వచ్చింది ఊరి పేరు వల్ల కాదు, చచ్చిపోయినవాళ్ళ వల్ల.

మూడో షిఫ్టు

చచ్చిపోయినవాళ్ళు అంతకుముందూ ఉన్నారన్నా. పేరు పడనంతవరకు ఎవరింట్లో చావు వాళ్ళింట్లోనే ఉండిపోయింది.

మూడు లాంతర్లు

ఈ ఒక్క మాట దగ్గరే ఇద్దరూ ఆగి ఉండాల్సింది అనిపిస్తోంది. ఆగరని తెలుసు గనక క్షయ సంగతి చెప్తాను.

క్షయ అంటే తరుగుదల. మనిషి రోజురోజుకీ కరిగిపోతాడని పేరులోనే రాసిపెట్టారు. ఇంకా పాత పేరు రాజయక్ష్మ, రోగాల్లో రాజు. ఇంగ్లీషువాళ్ళూ అదే అర్థంతో కన్సంప్షన్ అనేవారు. కాల్చేసే, తినేసే జబ్బని. తర్వాత ఊపిరితిత్తుల్లో కనబడే చిన్న బుడిపెల్ని బట్టి ట్యూబర్‌క్యులోసిస్ అన్నారు, అదీ నోరు తిరక్క టీబీ అయింది. మా షాపుకొచ్చే ముసలాయన "నాకు క్షయ కాదు బాబూ, టీబీయే" అన్నాడు ఒకసారి, ధైర్యంగా. ఆయన దృష్టిలో మొదటిదానికి చావాలి, రెండోదానికి ఆరు నెలలు మందు మింగాలి.

మేష్టారూ, ఇప్పుడు మీరు చెప్పండి. లక్షణం చెప్పే పేరు మేలా, ఏమీ చెప్పని రెండు అక్షరాలు మేలా?

బొబ్బిలి వీణ

మంచి ప్రశ్న. జవాబు: ముసలాయనకి ధైర్యమిచ్చింది అక్షరాలు కాదు, వాటితోబాటు వచ్చిన మందు. సిస్టరమ్మ గారు చెప్పినదే. మందు క్షయ అనే పేరుతో పంచి ఉంటే ఈ సరికి ఆ మాట కూడా మెత్తబడేది.

అర్థం లేని అక్షరాల నష్టం మూడో షిఫ్టు గారే చెప్పారు గదా. క్రానిక్ అనే మాట తెలుగులో 'దీర్ఘకాలిక' అని రిపోర్టు మీద ఉండి ఉంటే స్టేజి 2 మనిషి దాన్ని 'ముదిరిన' అని చదివేవాడు కాదు. తెలుగు మాట పొడుగు కావచ్చు, అబద్ధం చెప్పదు.

నాగావళి గట్టు

దీర్ఘకాలికం మాత్రం తెలుగా మేష్టారూ? దీర్ఘం సంస్కృతం, కాలం సంస్కృతం. గిడుగు రామమూర్తి గారు పుట్టింది మన వంశధార ఒడ్డునే, పర్వతాలపేటలో. జనం మాట్లాడిందే రాయండన్నారు. జనం కిడ్నీ అంటన్నారు. పలాస బోర్డు మీదా కిడ్నీ అనే ఉంది.

బొబ్బిలి వీణ

గిడుగు గారి పోరాటం పుస్తకాల్లో ఎవరూ పలకని గ్రాంథిక రూపాల మీద. సంస్కృతం నుంచి వచ్చి జనం నోట నలిగిన మాట మీద కాదు. అంతెందుకు, ఆయన సవరల దగ్గరికి వెళ్ళి వాళ్ళ భాష నేర్చుకుని వాళ్ళకి వాచకాలు, నిఘంటువు తయారుచేశారు. రోగి మాట మనం నేర్చుకోవాలి అన్నది ఆయన దగ్గర తీసుకోవలసిన పాఠమైతే, కిడ్నీకి నేను అడ్డు చెప్పను. మూత్రపిండం పట్టు విడుస్తాను. 'అజ్ఞాతహేతుక' కూడా మీరు నవ్వినందుకు కాదుగానీ విడుస్తాను. 'దీర్ఘకాలిక' మాత్రం విడవను.

సిస్టరమ్మ

"చాలాకాలంగా ఉన్న" అంటే సరిపోదా మేష్టారూ? నేను ఇళ్ళలో అలాగే చెప్పేదాన్ని. డయాలిసిస్‌ని 'రక్తం కడగడం' అంటారు మనవాళ్ళు, దానికేం లోటొచ్చింది?

బొబ్బిలి వీణ

లోటేమీ లేదు, అసలు మాట కన్నా నయం. డయాలిసిస్‌లో లైసిస్ అంటే విప్పడం, విడదీయడం. 1861లో థామస్ గ్రాహమ్ అనే రసాయన శాస్త్రవేత్త పలచటి పొర గుండా ఒక పదార్థాన్ని వేరుచేసే పద్ధతికి ఆ పేరు పెట్టాడు. అప్పటికి రోగీ లేడు, రక్తమూ లేదు. పెరాలసిస్‌లో ఉన్నదీ ఆ లైసిసే, అక్కడ ఒంట్లో పట్టు విడిపోవడం. 'రక్తం కడగడం' అన్న మనిషి పని చూసి పేరు పెట్టాడు.

మూడో షిఫ్టు

కడగడంతో ఒక్క ఇబ్బంది ఉంది. కడిగితే శుభ్రమైపోయింది గదా, మళ్ళీ ఎందుకు రమ్మంటున్నారు అంటారు. వారానికి రెండుమూడుసార్లు ఎందుకో చెప్పాలి. అయినా ఆ మాటే వాడతాను నేను.

పేరు దగ్గరికి వస్తే నా ఓటు ఇది. ఆసుపత్రి చీటీ మీద, రిపోర్టు మీద ఊరు పేరు వద్దు. 'కారణం తేలని కిడ్నీ జబ్బు, చాలాకాలంగా ఉన్నది, స్టేజి ఇంత' అని ఉండాలి. స్టేజి అంకె పెద్దగా రాయాలి. పరిశోధనకి, బడ్జెట్‌కి, కలెక్టరుకిచ్చే అర్జీకి ఉద్దానం ఉండాలి.

కవిటి కొబ్బరాకు

అర్జీలో ఉంచి పెళ్ళిచూపుల్లో తీసెయ్యమంటే ఎలా కుదురుతుంది? పేపరువాడు అర్జీ చదివే కదా వార్త రాస్తాడు. చీటీ మీద తీసెయ్యడానికి ఒప్పుకున్నావు, అంతవరకు సంతోషం. మిగతాది నేను వదలను. ఎబోలా వాళ్ళు చేసినట్టు చెయ్యొచ్చు గదా? నదుల పేర్లు మనకీ ఉన్నాయి, బాహుదా ఉంది, మహేంద్రతనయ ఉంది.

నాగావళి గట్టు

నాగావళి జోలికి మాత్రం రావొద్దన్నా.

మూడు లాంతర్లు

నది పేరు పెడితే పదేళ్ళకి ఆ నది ఒడ్డువాళ్ళు ఇక్కడికొచ్చి ఇదే చర్చ పెడతారు.

కవిటి కొబ్బరాకు

పెట్టనివ్వండి, అప్పుడు వాళ్ళ తరఫున నేనే మాట్లాడతాను.

సరే, ఒక పని మాట అడుగుతాను. వచ్చేవారం మా ఊళ్ళో రక్తపరీక్షల క్యాంపు ఉంది. కుర్రాళ్ళం కలిసి గోడపత్రిక రాస్తున్నాం. "క్రియాటినిన్ పరీక్ష" అని పెడితే ఎవరికీ నోరు తిరగదు. దానికేమైనా తెలుగు మాట ఉందా మేష్టారూ?

బొబ్బిలి వీణ

లేదు, కట్టబోను కూడా. అర్థం చెప్తాను, పనికొస్తే చూసుకోండి. గ్రీకులో క్రెయాస్ అంటే మాంసం. 1832లో షెవ్రెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మాంసం నుంచి తీసిన పదార్థానికి క్రియాటిన్ అని పేరు పెట్టాడు. అది ఒంట్లో మారి క్రియాటినిన్ అవుతుంది. కండరాల్లోంచి వచ్చే వ్యర్థం. కిడ్నీ దాన్ని బయటికి పంపాలి, పంపలేనప్పుడు రక్తంలో అంకె పెరుగుతుంది.

మూడో షిఫ్టు

మేష్టారు చెప్పింది గోడపత్రిక మీద తప్పకుండా పనికొస్తుంది. పేరు 'కిడ్నీ రక్తపరీక్ష' అని రాయండి, బ్రాకెట్లో క్రియాటినిన్ పెట్టండి. కింద ఈ లైను కలపండి: "ముందురోజు రాత్రి మాంసం తినకుండా రండి." వండిన మాంసం తిన్న కాసేపటికి ఆ అంకె కొంచెం పెరుగుతుంది, లేని భయం పుడుతుంది. పరగడుపున రానక్కర్లేదు అని కూడా రాయండి. మంచినీళ్ళు తాగి రమ్మనండి. ఒక్కసారి అంకె ఎక్కువొస్తే జబ్బున్నట్టు కాదు, మూడు నెలల్లో మళ్ళీ చూస్తారని కూడా.

కవిటి కొబ్బరాకు

క్యాంపు సోమవారం పెట్టాం. ఆదివారం రాత్రి మా ఊళ్ళో మాంసం తినకుండా ఎవరుంటారు? బుధవారానికి మార్చమని ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.